దరుమకు రెండో కన్ను

అగ్గిపుల్ల గీసి వంటింటి పూజ అరలో ప్రమిద దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ కాస్త వెలుగులో పక్క అరలో ఉన్న జపాన్ బొమ్మ నన్ను చూసింది. రెండు కళ్ళతో చూసింది.

నిన్న సాయంత్రం దీపం పెట్టినప్పుడు దానికి ఉన్నది ఒకటే కన్ను.

పుల్ల వేలి దాకా కాలింది. విదిలించి సింకులో పడేసి లైటు వేశాను. కల కాదు. ఎర్రటి గుండ్రటి బొమ్మ, తెల్లటి ముఖం, ఎడమ వైపు ఎప్పుడూ ఉండే చిన్న కన్ను. నిన్నటిదాకా తెల్లగా ఖాళీగా ఉన్న కుడి వైపున ఇప్పుడు పెద్ద నల్లటి కన్ను మెరుస్తోంది. దానికి పైన మూడు వెంట్రుకలు కూడా.

భయం వేసింది. ఆ బొమ్మ మాది కాదు. పైగా దాన్ని ఇచ్చినావిడకు ఇంకా పురుడు రాలేదు.

ఆ భయం ఎందుకో అర్థం కావాలంటే ఎదురింటి వాళ్ళ గురించి చెప్పాలి. దోహాలోని అల్ సద్‌లో మా ఫ్లాటుకు సరిగ్గా ఎదురు తలుపు ఒక జపాన్ కుటుంబానిది. భార్యాభర్తలు, ఆరేళ్ళ కొడుకు. మా పాపకు ఎనిమిది, బాబుకు అయిదు. ముగ్గురు పిల్లలూ లిఫ్టులో మొదలుపెట్టిన స్నేహం మా రెండు తలుపుల మధ్య ఉన్న వరండాను ఆటస్థలం చేసేసింది. మేం ఆడవాళ్ళిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఆవిడ ఇంగ్లీషు ఆవిడది, నా ఇంగ్లీషు నాది. ఎక్కడో మధ్యలో కలుసుకుంటాం. ఆవిడ నన్ను పేరుతో పిలవదు, మా పాప పేరు చెప్పి వాళ్ళమ్మ అంటుంది. జపాన్‌లో తల్లులను అలాగే పిలుస్తారట. మా అమ్మనూ మా వీధిలో అందరూ అలాగే పిలిచేవాళ్ళు కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు.

పరిచయమైన కొత్తలో ఒకసారి అడిగేశాను, "మీ మతం ఏమిటి?" అని.

ఆవిడ టీ కప్పు కింద పెట్టి పరీక్షలో కఠినమైన ప్రశ్న వచ్చినట్టు ఆలోచించింది. "ఏదీ లేదనుకుంటాను" అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతిసంచికి బట్టతో కుట్టిన చిన్న చిన్న తాయెత్తులు మూడు వేలాడుతున్నాయి.

"మరి ఇవి?"

"ఇది మా అబ్బాయి చదువుకి. ఇది రోడ్డు మీద ప్రమాదాలు రాకుండా. ఇది నా ఆరోగ్యానికి."

"మతం లేదన్నారుగా?"

"ఇది మతం కాదు" అని మాట కోసం వెతుక్కుని, "ఇది జాగ్రత్త" అంది.

ఆ క్షణం నుంచి ఆవిడ నాకు దగ్గరి మనిషి అయిపోయింది. పడుకున్నాక గ్యాస్ స్టవ్ కట్టేశానా లేదా అని మళ్ళీ మళ్ళీ లేచి చూసుకునేదాన్ని నేను. మా ఆయన ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఫోన్‌లో ట్రాఫిక్ మ్యాపు చూస్తూ కూర్చుంటాను. జాగ్రత్తే మతమైతే నాకంటే పెద్ద భక్తురాలు ఈ బిల్డింగులో లేదు.

ఆవిడ పెళ్ళి తెల్ల గౌనులో, చర్చిలాంటి హాల్లో జరిగిందట. ఆవిడ క్రైస్తవురాలు కాదు. నానమ్మ పోయినప్పుడు బౌద్ధ పూజారి వచ్చి మంత్రాలు చదివాడట. కొత్త సంవత్సరం రోజున వేరే గుడికి వెళ్ళి, గంట మోగించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి దణ్ణం పెడతారట. "దేవుడు పడుకుని ఉంటాడనా?" అని మా బాబు అడిగితే, "నేను వచ్చానని చెప్పడానికి" అంది. మన గుళ్ళో గంట కొట్టడం గుర్తొచ్చి, అదే కదా అనుకున్నాను.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. వాళ్ళబ్బాయి బడిసంచికి కట్టిన తాయెత్తు మీద నవ్వుతున్న పిల్లి బొమ్మ ఉంది. ప్రతి ఊరికీ ఒక ముద్దుబొమ్మ, పోలీసులకొక బొమ్మ, రైల్వే వాళ్ళకొక బొమ్మ ఉంటుందని విన్నాను కానీ తాయెత్తు మీద కూడానా?

"దేవుడి వస్తువు మీద కార్టూన్ వేస్తే తప్పు కాదా?" అన్నాను.

"ఎందుకు? పిల్లలకు నచ్చితే పారేసుకోరు కదా."

 హైదరాబాద్‌లో వినాయక చవితికి ఆ ఏడాది హిట్టయిన సినిమా హీరో వేషంలో వినాయకుణ్ణి చూసి చప్పట్లు కొట్టినదాన్నే నేను.

వాళ్ళ పిల్లాడి లంచ్ బాక్సు చూశాక మా ఇంట్లో కష్టాలు మొదలయ్యాయి. అన్నం ముద్దకు సముద్రపు నాచుతో కళ్ళు, క్యారెట్‌తో ముక్కు. "మన పెరుగన్నానికి కళ్ళేవి?" అని మా పాప బాక్సు ముందు నుంచి కదలదు. నల్ల ఆలివ్ ముక్కలు పెట్టి సరిపెట్టాను. తర్వాత ఇడ్లీకి కళ్ళు, ఉప్మాకు కళ్ళు. అన్నిటికీ కళ్ళు పెట్టే ఆ దేశం వాళ్ళు ఒక్క బొమ్మను మాత్రం కళ్ళు లేకుండా అమ్ముతారని దరుమను చూశాకే తెలిసింది.

దరుమ అంటే లోపల డొల్లగా, కాగితం గుజ్జుతో చేసిన బొమ్మ. చేతులు, కాళ్ళు ఉండవు. అడుగున బరువు ఉంటుంది కాబట్టి ఎటు తోసినా లేచి కూర్చుంటుంది. కొన్నప్పుడు రెండు కళ్ళూ ఖాళీ. ఏదైనా కోరుకుని ఒక కన్ను వేస్తారు. కోరిక తీరాక రెండోది వేస్తారు. అందాకా ఆ ఒంటి కన్నుతో మనల్నే చూస్తూ ఉంటుంది, సంగతి ఏమైంది అని అడుగుతున్నట్టు.

ఈ ఎండాకాలం ఆవిడ రెండో కాన్పుకు పుట్టింటికి బయల్దేరింది. నెలలు నిండే ముందు ఆడపిల్ల తల్లి దగ్గరికి వెళ్ళడం జపాన్‌లోనూ ఉందని తెలిసి నాకు ఎంత సంబరమైందో. భర్తను కంపెనీ ఆ రెండు నెలలూ వేరే దేశంలో ప్రాజెక్టుకు పంపింది. ఇంటికి తాళం వేసి, ఏసీ కట్టేసి వెళ్ళాలి. జూలైలో ఏసీ లేని దోహా ఇంట్లో కొవ్వొత్తి కూడా నిలబడదు. సూట్‌కేసులో పెడితే బొమ్మ నలిగిపోతుంది. అందుకని మొక్కల కుండీలతో పాటు దరుమను కూడా మా ఇంటికి తెచ్చింది. బట్టలో చుట్టి రెండు చేతులతో ఇచ్చింది. నేనూ రెండు చేతులతో అందుకున్నాను.

"ఈయన దేవుడా?" అన్నాను, ఎక్కడ పెట్టాలో తెలియక.

"కాదు" అని, బొమ్మ వైపు ఓసారి చూసి, "కొంచెం" అంది.

కొంచెం దేవుడు కాబట్టి పూజ అరలో కాకుండా పక్క అరలో పెట్టాను. మా ఆయన ఫోన్‌లో చదివి, "అరే, ఈయన ఒక బౌద్ధ సన్యాసట, మనోడేనట! మన దక్షిణం నుంచే పోయిండట. గోడ దిక్కు చూసుకుంట ఏండ్లకేండ్లు ధ్యానం చేస్తే కాళ్ళు, చేతులు పడిపోయినయట. నిద్ర రావద్దని కనురెప్పలు సుత కోసుకున్నడట" అన్నాడు. మా ఆయనది జగిత్యాల వైపు. నాది ఏలూరు.

"ఈయనకి వీసా ఎవరిచ్చారు నాన్నా?" అన్నాడు బాబు.

"అప్పట్ల వీసాలు లేవురా. నడుసుకుంట పోయిండు."

వెళ్ళే రోజు ఆవిడ మొదటి కన్ను ఏ కోరికతో వేసిందో నాకు చెప్పింది. దాచేదేమీ లేదు. బిడ్డ క్షేమంగా చేతికి రావాలి, అంతే. వచ్చాక రెండో కన్ను వాళ్ళబ్బాయి వేస్తాడు, అన్నయ్య అవుతాడు కాబట్టి. వాడు అప్పటికే కాగితాల మీద సున్నాలు గీసి సాధన చేస్తున్నాడట.

అంతకుముందే ఒక సంగతి నాకు తెలుసు. ఒకసారి వాళ్ళ ఊరి గుడి ఫోటోలు చూపిస్తుంటే, వరసగా చిన్న చిన్న రాతి విగ్రహాలు కనబడ్డాయి. ఒక్కోదానికి ఎర్రటి అల్లిక టోపీ, మెడలో పాపాయిలకు కట్టే చొంగగుడ్డ. "ఎంత ముద్దుగా ఉన్నాయో!" అన్నాను. "పుట్టకముందే వెళ్ళిపోయిన పిల్లలను ఈ దేవుడు చూసుకుంటాడు. ఈ చివరి టోపీ నేను అల్లింది" అంది. తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. వంటింట్లోకి వెళ్ళి పకోడీలు తెచ్చి పెట్టినట్టు మాత్రం గుర్తు.

అందుకే ఆ ఉదయం రెండో కన్ను చూసి అంత భయపడ్డాను. మన ఇళ్ళలో పురుడు కాకముందు ఉయ్యాల కొనం, చొక్కాలు కుట్టించం. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ చంటిబిడ్డ కోసం పాత చీరలే మడతపెట్టి ఉంచింది, కొత్త గుడ్డ ఇంట్లోకి రానివ్వలేదు. ఇక్కడ చూస్తే, ఆవిడకు ఇంకా నెలలు నిండనేలేదు, కోరిక తీరిపోయిందని మా ఇంట్లో ముద్ర పడిపోయింది.

పిల్లల గదిలోకి వెళ్ళాను. మామూలుగా నేను అరుస్తాను. ఆ రోజు అరవలేదు. అరవకపోవడం చూసి ఇద్దరూ లేచి కూర్చున్నారు.

"దరుమకు కన్ను ఎవరు వేశారు?"

"నేను కాదు" అంది పాప.

"అక్క వేసింది. నేను పట్టుకున్నానంతే" అన్నాడు బాబు.

"వీడే వెయ్యమన్నాడమ్మా!"

వాటర్ బాటిల్ మీద పేరు రాయడానికి కొన్న పర్మనెంట్ మార్కర్ పాప దిండు కింద దొరికింది.

"ఎందుకు వేశారు? బేబీ పుట్టాకే వెయ్యాలని మీకు తెలుసుగా?"

"తెలుసు" అంది పాప. తల వంచుకుంది కానీ గొంతులో తప్పు చేసిన జంకు లేదు. "బేబీ వస్తే కన్ను వేస్తారు. బేబీ వస్తే వాళ్ళు మళ్ళీ దోహా వస్తారు. మరి కన్ను వేసేస్తే బేబీ వచ్చేస్తుంది కదా, వాళ్ళూ వచ్చేస్తారు."

"లిఫ్టులాగ" అన్నాడు బాబు. "బటన్ నొక్కితే లిఫ్టు వస్తుంది."

సెలవులు. బయట ఎండ. వరండాలో ఎదురు తలుపు వేసి ఉంది. రోజంతా ఇద్దరే ఆడుకుని, ఇద్దరే కొట్టుకుని విసిగిపోయారు. స్నేహితుడు ఎక్కడో కింది అంతస్తులో ఉన్నట్టు బటన్ నొక్కారు. 

"మరి ఆ వెంట్రుకలు ఎందుకు?"

"కనురెప్పలు కోసుకున్నాడని నాన్న చెప్పాడుగా. పాపం అనిపించింది."

మా ఆయన టీ కప్పుతో వచ్చి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మస్తు గీసింది. మొదటిదానికంటే ఇదే మంచిగుంది."

"మీకు నవ్వులాటగా ఉందా? ఆవిడకు ఏమైనా అయితే?"

"ఏమైతదే? మార్కర్‌తోని గీస్తే జపాన్‌ల పురుడు ఆగుతదా? నెయిల్ పాలిష్ తీసే నీళ్ళు ఉన్నయి కదా, ఇంత దూదితోని తుడువు. ఖలాస్."

ఆ ఉపాయం బాగానే ఉందనిపించింది. దూది తడిపి తెచ్చాను. బొమ్మను ఒడిలో పెట్టుకున్నాను. ఆ కన్ను నా వైపే చూస్తోంది. గుడిలో విగ్రహం పెట్టినప్పుడు అన్నీ అయ్యాక చివర్న కళ్ళు తెరిపిస్తారు. ఒకసారి తెరిచిన కన్నును గీకేయడం ఎక్కడైనా విన్నామా? వెయ్యడం పిల్లలు చేసిన పని. తుడవడం నేను చేసే పని అవుతుంది. ఆగిపోయాను. దూది ఎండిపోయింది.

అప్పుడే మా అత్తగారు ఊరి నుంచి వీడియో కాల్ చేశారు. ఆవిడకు ఖతర్, కువైట్, మస్కట్ అన్నీ దుబాయే. ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలతో ఉన్నారు. నా ముఖం చూసి అడిగారు. జరిగిందంతా చెప్పాను.

"గిదేం చోద్యమే! దుబాయ్‌ల బొమ్మలకు సుత కండ్లు పెడ్తరా?"

"దుబాయ్‌ది కాదత్తయ్యా, జపాన్‌ది. మనం ఉన్నది కూడా దుబాయ్ కాదు."

"ఏదైతేంది తియ్యి. గా పిల్లకు ఎన్నో నెల?"

"తొమ్మిదో నెల వచ్చింది."

కాసేపు అద్దాలు సర్దుకున్నారు. "తుడువకు బిడ్డా. తెరిసిన కన్ను తుడుసుడు మంచిది కాదు. నాకు ఆపరేషన్ అయినంక ఏం జేసిన్రు? పట్టి కట్టిన్రు. లోపట కన్ను ఉన్నది, కాని సూస్తలేదు. గట్లనే దానికి పట్టి కట్టు. గా పిల్లకు పురుడు అయినంక ఇప్పు. గంతే."

"అమ్మా, నువ్వు డాక్టర్ కావాల్సినదానివే" అన్నాడు మా ఆయన.

"నువ్వు నవ్వురా, నవ్వు. నీ పెండ్లాం ముఖం సూసినవా ఎట్లయిందో?"

మందుల డబ్బాలో చిన్న దెబ్బలకు అంటించే ప్లాస్టర్లు ఉన్నాయి. అవి కూడా ఎదురింటావిడ పిల్లలకు ఇచ్చినవే. వాటి మీద నవ్వుతున్న అన్నం ముద్దల బొమ్మలు. వేరేవి లేవు. ఒకటి తీసి, దరుమ కుడి కంటి మీద మెల్లగా అంటించాను. గోడ వైపు చూస్తూ కాళ్ళు పోగొట్టుకున్న ఆ మహానుభావుడు అన్నం ముద్దల ప్లాస్టర్‌తో కళ్ళాసుపత్రి వార్డులో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

అప్పటినుంచి నాకు ఫోన్ మోగితే భయం. ఎదురింటావిడ అప్పుడప్పుడూ ఫోటోలు పంపేది. పుట్టింటి వరండా, వాళ్ళమ్మ చేసిన వంట, గుడి మెట్ల దగ్గర కొడుకు. నేను హృదయం బొమ్మ ఒకటి పంపి ఊరుకునేదాన్ని. ఒక్కోరోజు సంగతంతా టైపు చేసి చెరిపేసేదాన్ని. నిండు చూలాలికి ఇలాంటి కబురు ఎలా చెప్తాం? చెప్పకుండా ఎలా ఉంటాం? పురుడయ్యాక చెప్పమన్నాడు మా ఆయన. పురుడు సవ్యంగా కాకపోతే? ఆ ప్రశ్న పైకి అనలేదు. దీపం పెట్టేటప్పుడు మా దేవుళ్ళతో పాటు పక్క అరకు కూడా దణ్ణం పెట్టడం మొదలుపెట్టాను. చప్పట్లు కొట్టాలా వద్దా అని సందేహం వచ్చి, ఎందుకైనా మంచిదని రెండు కొట్టాను. హాల్లోంచి మా ఆయన "ఏమైంది, దోమనా?" అన్నాడు.

వాళ్ళబ్బాయికి దరుమను చూపించమని ఆవిడ అడిగినప్పుడల్లా నెట్ సరిగ్గా లేదని తప్పించుకున్నాను. ఒక మధ్యాహ్నం నేను స్నానం చేసి వచ్చేసరికి హాల్లో ట్యాబ్ ముందు పిల్లలిద్దరూ కూర్చుని ఉన్నారు. తెర మీద ఎదురింటి పిల్లాడు, వెనక వాళ్ళమ్మ. బాబు చేతిలో దరుమ.

"ఆపరేషన్ అయింది" అని ఇంగ్లీషులో చెప్తున్నాడు మావాడు. "మా నానమ్మకి కూడా అయింది. ఇప్పుడు బాగానే ఉంది."

తెర మీద ఆవిడ నవ్వు ఆగిపోయింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఇక దాచడానికేమీ లేదు. తల తుడుచుకుంటున్న తువ్వాలుతోనే కూర్చుని అంతా చెప్పాను. మార్కర్ సంగతి, లిఫ్టు బటన్ సంగతి, తుడవబోయి ఆగిపోయిన సంగతి, మా అత్తగారి పట్టీ సంగతి.

 ఆవిడ పక్కకు తిరిగి తన తల్లిని పిలిచింది. నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ తెరలోకి వంగి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, బొమ్మను దగ్గరికి తెమ్మని చేతితో సైగ చేసింది. బాబు దరుమ ముక్కును కెమెరాకు ఆనించాడు. తల్లీ కూతుళ్ళు వాళ్ళ భాషలో గబగబా మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క తెలియదు. ముఖాలు చూస్తూ కూర్చున్నాను.

"అమ్మ అడుగుతోంది, కన్ను తుడిచేశారా, మూశారా?" అంది ఆవిడ.

"మూశాం. తుడవలేదు."

పెద్దావిడ ఊపిరి వదిలింది. తర్వాత చాలా సేపు చెప్పింది, వేలు ఊపుతూ, దరుమను మందలిస్తున్నట్టు. మధ్యలోనే కూతురు నవ్వడం మొదలుపెట్టింది.

"తుడవకపోవడం మంచిదయింది అంటోంది. ఈయన ముందే రెండు కళ్ళతో చూసేశాడు కాబట్టి ఇక తప్పించుకోలేడట. జీతం ముందే తీసుకున్నవాడు పని పూర్తి చేయాల్సిందేనట."

"ఇది మీ ఆచారమా?" అన్నాను ఆశగా.

"కాదు. మా అమ్మ ఇప్పుడే కనిపెట్టింది."

నాకూ నవ్వొచ్చింది. ఒకవైపు జగిత్యాల అత్తగారు, ఇంకోవైపు జపాన్ అమ్మమ్మ. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. మా అత్తగారి ఉపాయానికి ధన్యవాదాలు చెప్పమంటూ ఆ పెద్దావిడ తెరకే వంగి దణ్ణం పెట్టింది.

నవ్వనివాడు ఒక్కడే. ఎదురింటి పిల్లాడు చేతులు కట్టుకుని ముఖం ముడుచుకుని ఉన్నాడు. "అది నేను వెయ్యాల్సిన కన్ను" అన్నాడు. మా పాప సోఫా దిండు వెనక ముఖం దాచుకుని, "సారీ" అంది. ఇంకోసారి గట్టిగా అంది.  వాడు వేలు చూపించి తీర్పు చెప్పాడు.

"ప్లాస్టర్ నేను తీస్తాను. ఎవ్వరూ తియ్యకూడదు. ఊడిపోయినా మళ్ళీ అంటించాలి."

"సరే" అన్నారు మావాళ్ళిద్దరూ.

పిల్లలు ఆటలోకి వెళ్ళాక ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. "భయపడ్డారా?" అంది.

"చాలా."

"నేనూ. మొదటి నెల నుంచీ." సొరుగు లాగి చూపించింది. సుఖప్రసవం తాయెత్తులే గుప్పెడున్నాయి, ఒక్కోటి ఒక్కో గుడిది. అమ్మ తెచ్చింది, పిన్ని తెచ్చింది, స్నేహితురాలు పంపింది. "ఇంతమంది దేవుళ్ళు ఒకే సొరుగులో ఉంటే పోట్లాడుకోరా అని ఇప్పుడు ఇంకో భయం."

"మా అరలో చాలామంది ఉన్నారు. ఇంతవరకూ గొడవ రాలేదు" అన్నాను.

ఆ తర్వాతి రోజులు నాకు తేలిగ్గా గడిచాయి. భయం పోయిందని కాదు, దాన్ని పంచుకోవడానికి ఇంకో మనిషి దొరికింది. దరుమ ప్లాస్టర్ ఒక మూల లేచినప్పుడల్లా బాబు పరుగెత్తుకొచ్చి వేలితో నొక్కేవాడు. అత్తగారు రోజూ ఫోన్ చేసి, "గా బొమ్మకు కన్ను మంచిగున్నదా?" అని అడిగి, తర్వాతే కొడుకు సంగతి అడిగేవారు.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక, నేను ఈ సంగతులన్నీ కాగితం మీద రాసుకుంటున్నప్పుడే ఆ కబురు వచ్చింది. జపాన్‌లో అప్పటికి తెల్లారిపోయింది. ఫోటోలో ఎర్రటి చిన్న పిడికిలి, అది పట్టుకున్న వేలు వాళ్ళన్నయ్యది. కింద ఒక్క వాక్యం, ఆడపిల్ల, ఇద్దరం బాగున్నాం అని. మా ఆయనను లేపి చూపించాను. "మంచిది. ఇగ నువ్వు పండుకో" అని అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి ఫోటో అడిగి చూశాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. ప్లాస్టర్ మూల లేచి ఉంది. లాగెయ్యాలని వేళ్ళు దురద పెట్టాయి. మళ్ళీ అంటించేసి వచ్చాను.

పొద్దున పిల్లలు పాల గ్లాసుల ముందు కూర్చున్నాక చెప్పాను. "వాడికి చెల్లాయి పుట్టింది. అమ్మ, పాప ఇద్దరూ బాగున్నారు. వచ్చే నెల వస్తారు."

బాబు కుర్చీ మీద నిలబడ్డాడు. పాప మాత్రం దరుమ వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అయితే మేం కన్ను వేశాం కాబట్టే వచ్చింది కదమ్మా?"

"అది నాకు తెలియదు" అన్నాను. "వాళ్ళ అమ్మమ్మకీ తెలియదు, మీ నానమ్మకీ తెలియదు. ప్లాస్టర్ మాత్రం వాడిది, వాడొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. ఇంకెప్పుడైనా ఎవరైనా తొందరగా రావాలని బటన్ నొక్కాలనిపిస్తే ముందు నన్ను పిలవండి. ముగ్గురం కలిసి నొక్కుదాం."